పట్టపగలు పలికే గూబ

మొన్నటి ఎండాకాలంలో కడప బస్టాండులో, కాళ్ళకు చెప్పుల్లేకుండా, చంకలో మూతగట్టిన వెదురుబుట్టతో, కాసేపు ఈ కాలి మీదా కాసేపు ఆ కాలి మీదా నిలబడుతున్న మనిషి ఎవరైనా మీ కంటబడి ఉంటే, ఆ మనిషిని నేనే. పాపం ఎవరో పుణ్యాత్ముడు నన్ను చూసి జాలిపడి అర్ధణా చేతిలో పెట్టబోయాడు. హైస్కూలు మాస్టరుని, ఇరవై ఏళ్ళ సర్వీసు, ఇంటి దగ్గర రెండు కాడ్ల ఎద్దులు! నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ బుట్టలో ఏముందో చెబితే బస్టాండంతా ఖాళీ అవుతుంది గనుక నోరు మూసుకున్నాను. అప్పుడు చెప్పలేకపోయిన సంగతి ఇప్పుడు తీరిగ్గా, గర్వంగా చెబుతున్నాను.

గుడారాల ఊరు

కర్నూలు రాజధాని అయి అప్పటికింకా ఏడాది కాలేదు. ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయి. ఎనిమిది రూపాయల గదిని ఇరవైకి అడుగుతున్నారు. అయినా మాకు లోపల ఎంత సంబరమో చెప్పలేను. బెజవాడ నుంచీ ఏలూరు నుంచీ వచ్చిన పెద్దపెద్ద ఉద్యోగులు మా తుంగభద్ర నీళ్ళు తాగుతూ మా ఎండకు తువ్వాళ్ళు తడుపుకుని నెత్తిన వేసుకుంటుంటే, మా వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మీసాలు దువ్వుకునేవాళ్ళు.

కొత్త రాష్ట్రానికి కొత్త పాఠ్యపుస్తకాలు రాయిస్తున్నారు. నేను చెప్పేది ప్రకృతి శాస్త్రం కనుక పక్షుల పాఠాలు కొన్ని నన్ను రాయమన్నారు. ఏడు పక్షుల మీద ఏడు పుటలు రాసిచ్చాను. ఆరు పుటలు ఒప్పుకున్నారు. ఏడోదాని మీద మూల నుంచి మూలకు ఎర్ర పెన్సిలుతో గీత కొట్టారు.

ఆ ఏడో పుట అడవిలో ఉండే చిన్నగూబ గురించి. ఊళ్ళలో తొర్రల్లో ఉండే చుక్కల చిన్నగూబను అందరూ చూసే ఉంటారు, దాన్ని పైడికంటె అంటాం. నేను రాసింది దాని అడవి చెల్లెలి గురించి. గోరువంకంత ఉంటుంది. ఒంటి నిండా చుక్కలకు బదులు సన్నసన్నని అడ్డచారలు. అన్నిటికన్నా వింత, ఇది పట్టపగలు పలుకుతుంది. అంతకు ముందటేడు ఆత్మకూరు అడవిదారిలో పొద్దున పదిగంటలకు దాన్ని నేను కళ్ళారా చూశాను. చూసింది రెప్పపాటే. మా కర్నూలు, కడప జిల్లాల్లో దాన్ని చూశామన్నవాళ్ళు నాకు ఇంకొకరు దొరకలేదు.

పాఠ్యపుస్తకాల కమిటీ పెద్దాయన డెల్టా మనిషి. ఆయన పేరు రాయను, మనవలున్న మనిషి. గుడారంలో పదిమంది ముందు నా పుట ఎత్తి చూపించి, "మాస్టారూ, గూబ పగలు కూయడం ఏమిటండీ? మీ సీమ ఎండకు దానికీ మతి పోయిందంటారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో మా కర్నూలు వాళ్ళు కూడా ఉన్నారు, అది ఇంకా మండింది. "మీ వైపు రాళ్ళూ తేళ్ళూ అంటే నమ్ముతాను గానీ ఇది నమ్మను. పిట్టనైనా, దాని చర్మాన్నైనా తెచ్చి చూపించండి. నెలాఖరుకు కడప బంగళాలో మకాం ఉంటాను. పుస్తకం అక్కణ్నుంచే అచ్చుకు పోతుంది. అప్పటికి ఆధారం లేకపోతే పుట తీసేస్తాం."

"తెస్తానండీ" అన్నాను. ఎట్లా తెస్తానో నాకే తెలియదు. రాష్ట్రంలో ఐదో తరగతి పిల్లలందరూ చదివే పుస్తకంలో మా కొండల పిట్టకు ఒక్క పుట ఉండాలి, అంతే. అది లేకుండా కర్నూలులో మొహం ఎత్తుకుని తిరగలేనని ఆ నిమిషంలో అనిపించింది.

ఆత్మకూరు

ఆత్మకూరులో బస్సు దిగి మొదట బొరుగుల ఉగ్గాని తిన్నాను. రెండణాలకు ఆకు నిండా ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. మా సొంతూరు కోడుమూరులో ఉగ్గానికి వేయించిన పప్పుల పొడి దండిగా చల్లుతారు. ఇక్కడ చెయ్యి బిగబట్టి చల్లారు గానీ బజ్జీ మాత్రం మాదాన్ని ఓడించిందని ఒప్పుకోవాలి. తింటూ తింటూ హోటలాయన్ను, "అయ్యా, ఈ అడవిలో చిన్నగూబ యాడ దొరుకుతుంది?" అని అడిగాను. అంతే, ఆయన గరిటె పక్కన పెట్టేశాడు.

"ఏమప్పా, సదువుకున్నోని మాదిరుండావు. పొద్దున్నే బోణీ కాడ దాని పేరెత్తుతావా? థూ థూ!" అని పొయ్యిలో ఇంత ఉప్పు వేశాడు. ఉప్పు చిటపటలాడింది. ఇంకో ఇద్దరు ఆకులు వదిలేసి లేచిపోయారు. ఆ ఇద్దరి దుడ్లు కూడా నన్నే ఇమ్మంటాడేమోనని గబగబా బయటపడ్డాను.

అడవిలోకి బండి కట్టింది మస్తాన్ సాయిబు. అరవై ఏళ్ళ మనిషి, వెదురు తోలే పని. ఎద్దులతో ఉర్దూలో, నాతో తెలుగులో మాట్లాడేవాడు. కోపం వస్తే భాషలు తారుమారయ్యేవి. ఆయన ఇంట్లో జొన్నరొట్టె, గోంగూర పెట్టింది ఆయన భార్య. డబ్బు ఇవ్వబోతే ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు.

నల్లమలలో రెండు రోజులు

నా పద్ధతి నాది. చెట్ల తొర్రలు ఒక్కటొక్కటే వెతకాలి, అలికిడి చేయకూడదు, దగ్గకూడదు, బీడీ తాగకూడదు. మస్తాన్ సాయిబు బీడీ లేకుండా రెండు రోజులు నా వెంట తిరిగాడంటే ఆయన మంచితనం ఎంతటిదో చూడండి. బడి దుర్భిణి మెడలో వేసుకుని నేను నలభై తొర్రలు చూసి ఉంటాను. చిలకలు దొరికాయి. ఉడుములు దొరికాయి. ఒక తొర్రలో తేనెటీగలు దొరికాయి, వాటికి నేను కూడా దొరికాను. ఎడమ చెవి బజ్జీ అంత అయింది.

మొదటిరోజు మధ్యాహ్నం ఒకచోట చిన్నపిట్టలు వందరకాలుగా అరుస్తూ పొదమీద పడి గోల చేస్తుంటే, ఆ గోలకు నా గూబ ఎక్కడ బెదిరిపోతుందోనని రాళ్ళు విసిరి వాటిని తోలేశాను కూడా. అది గుర్తుంచుకోండి. నా బతుకులో అంత తెలివితక్కువ పని ఇంకొకటి చేయలేదు.

రెండోరోజు మధ్యాహ్నానికి మస్తాన్ సాయిబు బండి నీడలో కూలబడ్డాడు. "సార్, జరా నా మాట ఇనండి. ఇట్ట తిరిగితే మీకు పిట్ట దొరకదు, నాకు పిచ్చి దొరుకుతాది. బద్వేలు సంతలో పిట్టలు పట్టేటోళ్ళు కూసుంటారు. వాళ్ళను అడగండి. జంగిల్లో ఏ పిట్ట ఏ కొమ్మ మీద నిద్రపోతాదో వాళ్ళకే ఎరక."

"వాళ్ళకేం తెలుసు సాయిబూ, నేను పుస్తకాలు చదివినవాణ్ణి" అన్నాను.

ఆయన నా చెవి వైపు చూశాడు. బీడీ తీసి వెలిగించాడు. మర్నాడు నేను నంద్యాల బస్సెక్కాను.

బద్వేలు సంత

నంద్యాల దాటి, పోరుమామిళ్ళ మీదుగా బద్వేలు చేరేసరికి రొట్టెల దేశం పోయి సంగటి దేశం వచ్చింది. మా పడమటి కర్నూలులో రొట్టె తట్టే చప్పుడుతో తెల్లవారుతుంది. ఇక్కడ రాగిసంగటి ముద్ద చేతిలో పెట్టి, మధ్యలో గుంటచేసి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి వేస్తారు. మేం బుడ్డలనే వేరుశనగలను వీళ్ళు చెనిక్కాయలంటారు. ఊరుబిండి ఎంత బాగుందంటే, మావాళ్ళకు చెప్పనని ఒట్టుపెట్టుకుని మూడు ముద్దలు తిన్నాను.

సంతలో చింతపండు గుట్టలు, గాజుల మలారాలు, గొర్రెల అరుపులు దాటిపోతే చివర్న పిట్టలవాళ్ళ వరస. బుట్టల్లో గువ్వలు, కంజుపిట్టలు. పందేలవాళ్ళ కోసం పికిలిపిట్టలు, ఒక్కోటి నాలుగణాలు. వరస చివర యాభై ఏళ్ళ ఆడమనిషి కూర్చుని ఉంది. బక్కపలచని మనిషి, ముక్కుకు రెండువైపులా పుడకలు. ఆమె పక్కన నేలలో నాటిన కర్ర, కర్ర మీద అడ్డపుల్ల, పుల్ల మీద కాలికి దారం కట్టిన చిన్నపిట్ట. వెనక్కి తిరిగి కూర్చుంది. దాని వీపు మీద నెత్తి నుంచి తోక దాకా సన్నసన్నని అడ్డచారలు.

పిట్ట మెల్లగా తల ఒక్కటే తిప్పి పసుపుపచ్చ కళ్ళతో నన్ను చూసింది. ఎండ నడినెత్తిన ఉంది.

మేం కోడుమూరు రైతులం. కొనే వస్తువు మీద ఆశ ఉందని తెలిస్తే ధర పెరుగుతుందని మాకు పుట్టుకతో తెలుసు. పక్కనున్న గువ్వలను చూస్తున్నట్టు చూసి, ఆవులించి, భుజం మీది తువ్వాల తీసి చేతి మీద కప్పుకుని ఆమె ముందుకు చాచాను. మావైపు ఎద్దుల సంతలో బేరమంతా తువ్వాల కిందే. వేళ్ళు పట్టుకుని ధర చెబుతాం, పక్కవాడికి తెలియదు.

ఆమె నా చేతివైపు చూసి పకపకా నవ్వింది. "ఏమప్పా, ఎద్దు మాదిరి కనపడతాండాదా నా అత్త?"

"అత్తా?"

"దాని పేరు అత్త. అది కూసున్న కాడికి కోడండ్లంతా వచ్చి తిట్టిపోతారు గదా!"

ఐదు రూపాయలన్నాను. తల అడ్డంగా ఊపింది. పది. పదిహేను. పక్క వరసవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. ఆమె మాత్రం తమలపాకు ఈనె తీసుకుంటూ కూర్చుంది.

"అమ్మేది కాదు సామీ. ఇది మాకు అన్నం పెట్టే పిట్ట. దీన్ని ఎరబెట్టే మేం పిట్టల్ని పట్టేది. ఊరిగూబ పగలు నిద్రపోతాది, కదిలిచ్చాల. ఇది అట్ట గాదు, పగలే పలుకుతాది. నా బతుకులో ఇట్టాంటియి రెండే దొరికినాయి. మూడు వానలు పని చేపిచ్చుకుంటాం. మూడో వాన అయినాక, యాడ పట్టినామో ఆ తొర్ర కాడనే ఇడిచిపెడతాం. అమ్మం, కొయ్యం."

ఏరువాక నాడు మేం ఎద్దును కొట్టం, కాడి దించిన ముసలి ఎద్దును కసాయికి అమ్మితే మా నాయన అన్నం తినేవాడు కాదు. ఆ లెక్క నాకు అర్థమైంది గనుక ఇంకో రూపాయి పెంచలేదు. ఆమె పేరు ఓబులమ్మ. "ఇది అడవిలో ఉండటం చూపిస్తావా?" అని అడిగితే, "రేపు పొద్దున పనికి పోతాండా, రా. చప్పుడు చేస్తే మాత్రం తంతా" అంది.

లంకమల అంచు

పొద్దున ఎనిమిది గంటలకు లంకమల కింద కంపపొదల్లో ఉన్నాం. నేను అలవాటుగా తొర్రలు వెతకడం మొదలుపెట్టాను. ఓబులమ్మ కాసేపు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం చేస్తాండావు?"

"గూబ కోసం చూస్తున్నా."

"గూబ కోసం చూస్తే గూబ దొరుకుతాదా? అది చెట్టు బెరడు మాదిరుంటాది. దాన్ని తిట్టే పిట్టల్ని చూడాల సామీ. పికిలి, ఏట్రింత, తేనెపిట్ట, అన్నీ ఒక్కచోట చేరి గోల చేస్తాండాయంటే, ఆ నడుమ అది ఉండాదని. తిట్టేటోళ్ళు లేకుంటే మాకు దాని అడ్రసు యెవరు చెప్తారు?"

నల్లమలలో నేను రాళ్ళు విసిరి తోలేసిన పిట్టలు గుర్తొచ్చాయి. ఎడమ చెవి మళ్ళీ మండింది. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఆ ముక్క ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆమెకు చెబితే నవ్వుతుందని చెప్పలేదు. ఇప్పుడు మీకే మొదట చెబుతున్నాను.

ఆమె పని చూడటానికి రెండు కళ్ళు చాలవు. ఒక చిన్నచెట్టు కింద అత్తను అడ్డపుల్ల మీద కూర్చోబెట్టింది. జువ్విపాలు, ఆముదం కలిపి కాచిన బంక పుల్లలకు పూసి, చుట్టూ కొమ్మల్లో గుచ్చింది. మేం పొద వెనక నక్కాం. ఓబులమ్మ నోటికి రెండు వేళ్ళు అడ్డంపెట్టి మెల్లగా ఈల వేసింది. అత్త తల తిప్పింది. గొంతు కింద తెల్లమచ్చ ఉబ్బింది. మొదట ఆగి ఆగి, తర్వాత వేగం పెంచి, గుక్కతిప్పుకోకుండా కుర్ కుర్ కుర్రుమని పలికి, ఠక్కున ఆపేసింది.

ఆ క్షణమే మొదలైంది గోల. ఎక్కడెక్కడి పిట్టలో వచ్చి అత్త చుట్టూ ఎగురుతూ తిట్లు. పికిలి ఒకటి బంకపుల్ల మీద వాలి అతుక్కుపోయింది, ఇంకొకటి. ఓబులమ్మ లెక్కపెట్టుకుంటోంది. అప్పుడు కొండవాలు మీద నుంచి, చాలా దగ్గర నుంచే, ఇంకో గొంతు అదే పాట అందుకుంది. కుర్ కుర్ కుర్. నేలమట్టానికి రెండు నిలువుల ఎత్తున ఎండుకొమ్మ మీద, పట్టపగటి ఎండలో, ఇంకో గూబ. ఎవరూ కట్టేయని గూబ. దాని కాళ్ళ కింద కీచుమనే మిడత.

"అదుగో! అదుగో! ఉంది!" అని నేను లేచి గంతేశాను.

అడవి ఖాళీ. మిగతా పికిళ్ళన్నీ పోయాయి, కొండ గూబ పోయింది. గంతేసిన ఊపులో నా తల కొమ్మకు కొట్టుకుని, జుట్టూ కళ్ళజోడూ తువ్వాలూ మూడూ ఒకే బంకపుల్లకు అంటుకున్నాయి. ఓబులమ్మ నన్ను తన్నలేదు గానీ, ఆముదం రాసి ఒక్కొక్క వెంట్రుకా విడదీస్తూ నా వంశాన్నంతా తలచుకుంది. ఆమె ఆ పూట సంపాదన నేనే పాడుచేశాను.

తిట్లు అయిపోయాక నేనెందుకు వచ్చానో చెప్పాను. గుడారం సంగతి, పెద్దాయన నవ్విన సంగతి, ఎర్ర పెన్సిలు సంగతి. జాలిపడుతుందనుకున్నాను. ఆమె చేతిలోని బంకచెంబు ఠపీమని నేల మీద పెట్టింది.

"లేదన్యాడా? నా అత్త లేదన్యాడా? యెవుడప్పా వాడు? నేనీడ పదేండ్ల పిల్లప్పటి నుంచి ఈ కొండల్లో బతుకుతాండా, యాడుండాదో యాడ లేదో వాడు చెప్పేదేంది?"

కాసేపు అటూ ఇటూ తిరిగింది. తర్వాత దారం విప్పి అత్తను బుట్టలో పెట్టి నా చేతికిచ్చింది. "తీస్కపోయి వాని మొగం ముందర పెట్టు. పొద్దున రెండు మిడతలు, మాపున రెండు. బల్లితోక దొరికితే ఇంకా మంచిది. వచ్చే సంతకు నా చేతికి రావాల. నువ్వే తేవాల. అంతవరకు నాకు పని లేనట్టే, మతిలో పెట్టుకో."

చేతిగడియారం తీసి కుదువ పెట్టుకోమన్నాను. "ఆ గిరగిర తిరిగేది నాకెందుకు? నీ చెప్పులియ్యి. చెప్పుల్లేకుంటే అడుగడుక్కీ నేను గుర్తొస్తా."

అవి కోడుమూరు చెప్పులు. మా ఊరి మాదిగ పెద్దయ్య నా కాలి కొలత తీసి, ఆముదంలో నానబెట్టి కుట్టినవి. కర్నూలు గుడారాల్లో కూడా ఆ చెప్పుల మోత వినబడితే ఫలానా మాస్టరు వస్తున్నాడనేవాళ్ళు. విప్పి ఇచ్చేశాను.

కడప దారి

బస్సులో గూబను దాచడం తేలికే అనుకున్నాను. బుట్టకు తడిగుడ్డ కప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. సిద్ధవటం దాటాక, దూరంగా పెన్న ఇసుక మెరుస్తుండగా, ఎందుకు బుద్ధి పుట్టిందో గానీ, అత్త గొంతెత్తింది. కుర్ కుర్ కుర్ కుర్! బస్సులో తలలన్నీ నా వైపు తిరిగాయి. ఆ తర్వాత ఒక ముసలామె, "ఓయమ్మో, నా కూతురి కాన్పుకు పోతాంటే ఇదేం సకునమే!" అని రాగం తీసింది. నేను లేచి నిలబడి, గూబ ఎలుకల్నీ మిడతల్నీ తిని మన పంట కాపాడుతుందని, శకునాలు శుద్ధ అబద్ధాలని పాఠం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు కాగానే కండక్టరు బస్సాపించి, "సారూ, నువ్వూ నీ పాఠమూ పైన" అన్నాడు.

మామిడికాయల గంపల మధ్య, బస్సుమీద, మే నెల ఎండలో కడప చేరాను. అత్తకు నా నీడ పట్టాను. నాకు పట్టేవాళ్ళు లేరు.

కడప బంగళా

పెద్దాయన మకాం దగ్గర మొదటిరోజు "రేపు రా" అన్నారు. రెండోరోజు కూడా "రేపు రా" అన్నారు. ఆ రెండు రోజులూ నేను కడపలో నిజంగా చూసినవి రెండే. ఎర్రకారం పూసిన దోసె, అది తింటే గూబలాగే కళ్ళు గుండ్రమవుతాయి. రెండోది కాలే నేల. పొద్దున బంగళా ఆవరణలో ఒంగి ఒంగి మిడతలు పట్టేవాణ్ణి. వంటవాడు నన్ను తోటమాలి అనుకుని గడ్డి పీకమన్నాడు. నిజంగానే అడుగడుక్కీ ఓబులమ్మ గుర్తొచ్చింది. ఈ పాటికి ఆమె బుట్టలు ఖాళీగా ఉంటాయి.

మూడోరోజు లోపలికి పిలిచారు. పెద్దాయన నా పాదాల వైపు చూసి కుర్చీ చూపించాడు. బుట్ట మూత తీశాను. అత్త బయటికొచ్చి బల్ల మీది సిరాబుడ్డి మీద కూర్చుంది. పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు.

"పైడికంటెనే కదండీ ఇది?"

"చుక్కలు చూపించండి" అన్నాను.

ఆయన వంగి వీపు చూశాడు, రొమ్ము చూశాడు, అల్మారాలోంచి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తీసి బొమ్మతో సరిచూశాడు. అత్త ఆయన్ను ఎగాదిగా చూసి, ఎవరూ అడక్కుండానే, పదకొండు గంటల ఎండ కిటికీలోంచి పడుతుండగా, తన పాట మొదటి నుంచి చివరిదాకా పలికింది. వరండాలో గుమాస్తాలు పరుగెత్తిన చప్పుడు వినిపించింది.

పెద్దాయన పుస్తకం మూశాడు. మంచి మనిషే, ఆ మాట అనాలి. "పొరబడ్డానండీ మాస్టారూ. చారలే. పగలే" అన్నాడు. నా జన్మలో అంత తియ్యని మాటలు వినలేదు.

ఆ తర్వాత అసలు మాట చెప్పాడు. "అయితే నేను చూశానంటే కమిటీకి చాలదు. పిట్టను ఇక్కడ వదిలివెళ్ళండి. మావాడు చర్మం తీసి, దూదిపెట్టి మద్రాసు మ్యూజియానికి పంపిస్తాడు. అక్కడ నంబరు వేస్తారు. నంబరుంటే మీ పుట ఉంటుంది. మీ పేరు కూడా వేయిస్తాను."

అబద్ధం ఎందుకు చెప్పాలి, నేను ఊగిపోయాను. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ప్రతి పిల్లవాడూ మా కొండల పిట్టను చదువుతాడు. ఓబులమ్మకు పాతిక రూపాయలిచ్చి, చచ్చిపోయిందని చెప్పొచ్చు. గూబలు చస్తూనే ఉంటాయి. ఆమె నమ్ముతుంది. నమ్ముతుందన్న చోటే నా ఆలోచన ఆగిపోయింది. అరికాళ్ళ బొబ్బలు బంగళా నున్నటి గచ్చు మీద కూడా మండుతున్నాయి.

"పుట తీసేయండి" అన్నాను.

"ఒక్క గూబ కోసమా?" అన్నాడాయన.

"గూబ కోసం కాదండీ. చెప్పుల కోసం."

ఆయనకు అర్థం కాలేదు. అత్తను బుట్టలోకి పిలిచి, మూతగట్టి, మెట్లు దిగాను. మీరు నవ్వినా సరే, ఆ మెట్లు దిగినంత దర్జాగా ఆ రోజు కడపలో చెప్పులున్నవాడెవడూ నడవలేదు.

మళ్ళీ సంత

బద్వేలు సంతలో ఓబులమ్మ అదే చోట కూర్చుని ఉంది. ముందు బుట్టలు ఖాళీ. కాళ్ళకు నా చెప్పులు, జానెడు జానెడు బయటికి తేలుతున్నాయి. బుట్ట అందుకుని మొదట అత్త రొమ్మెముక తడిమింది, రెక్క విప్పి ఈకలు చూసింది. "తగ్గలే. బాగా సూసుకున్యావు."

"చూపించాను" అన్నాను.

"ఉండాదన్యాడా?"

"పొరబడ్డానన్నాడు."

ఆమె మొహం చూడాలి మీరు. పక్క వరసవాళ్ళ వైపు తిరిగి, "ఇన్యారా? కడప దొర పొరపాటన్యాడంట నా అత్తకు!" అని సంతంతా వినిపించేటట్టు అరిచింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది. "మరి పుస్తకంలో ఏస్తారా?"

వేయరని, ఎందుకు వేయరో చెప్పాను. ఓబులమ్మ అత్త తల గోకుతూ కూర్చుంది. "అయితే నువ్వే రాయి. నేను చెప్తా" అంది.

అక్కడే, గువ్వల బుట్ట బోర్లించి దాని మీద కాగితం పెట్టుకుని రాశాను. నా పాత పుటలో తప్పులు నాలుగు దిద్దించింది. గుడ్లు నాలుగని రాశాను, శానాసార్లు మూడే అంది. తొర్ర అది తొలుచుకోదు, వడ్రంగిపిట్ట వదిలేసినదాంట్లో చేరుతుందంది. మిడతలే కాకుండా ఎలుకపిల్లలూ బల్లులూ తింటుందంది. ముసురు పట్టిన రోజు పొద్దంతా పలుకుతుందంది. వెతకాలంటే తిట్టే పిట్టల్ని చూడాలన్నది చివరి వాక్యం. కింద "చెప్పినది: ఓబులమ్మ, పిట్టలు పట్టే పని, బద్వేలు" అని రాసి చదివి వినిపించాను.

"నా పేరు యాడుండాది?"

చూపించాను. ఆమె దాని పక్కన బొటనవేలు పెట్టింది. వేలికి అంటిన బంక కాగితానికి పట్టి, తీస్తే గోధుమరంగు గుండ్రటి మచ్చ మిగిలింది. నేను తుడవబోతే ఒప్పుకోలేదు. చెప్పులు విడిచి ఇస్తూ, "మెత్తగుండాయి. ఇంకో సంతకు వస్తే నాగ్గూడా ఒక జత కుట్టిచ్చుకొని రా" అంది. కొలత దారంతో తీసుకున్నాను. మా పెద్దయ్య కుట్టేశాడు కూడా, బస్సు పార్సెలులో పంపకుండా నేనే తీసుకుపోయి ఇచ్చాను.

కర్నూలు

జూన్‌లో కొత్త పుస్తకాలు వచ్చాయి. అచ్చు బాగుంది, బొమ్మలు బాగున్నాయి. నలభయ్యో పుటలో పావురం, నలభై ఒకటిలో నెమలి. నడుమ ఏమీ లేదు.

మా హైస్కూలుకు అంటుకుని ఉన్న ఐదో తరగతి పిల్లల చేత తలా ఒక తెల్లకాగితం తెప్పించాను. ఓబులమ్మ చెప్పిన పుట బల్ల మీద పెట్టి, అక్షరం పోకుండా దించుకోమన్నాను. ఒక పిల్ల లేచి, "సార్, ఈ మచ్చ కూడా దించాల్నా?" అని అడిగింది. అదే ముఖ్యం అన్నాను. మద్రాసు వాళ్ళు వేసే నంబరు మా దగ్గర లేదు, ఉన్నది ఆ వేలు ఒక్కటే. పిల్లలు కాఫీపొడి నీళ్ళలో కలిపి, పుల్లతో అద్ది, ప్రతి కాగితం కిందా ఆ మచ్చ పెట్టారు. సూదీదారంతో పావురానికీ నెమలికీ నడుమ కుట్టారు.

ఆంధ్ర రాష్ట్రమంతటా ఐదో తరగతి ప్రకృతి పాఠాల పుస్తకంలో తొంభై ఆరు పుటలు. మా బడిలో తొంభై ఏడు.